మైనింగ్ సీటు: ఫీజుతో పాటు గని దూరమూ చూడండి



ఎప్‌సెట్ ర్యాంకులు వచ్చి వెబ్ ఆప్షన్ల గడువు దగ్గర పడితే చాలు, మా కాచిగూడ నుంచి నారాయణగూడ దాకా ఏ గోడ చూసినా అడ్మిషన్ కన్సల్టెన్సీల పోస్టర్లే. నేను సింగరేణిలో పనిచేసి రిటైరైన వాణ్ణని తెలిసి, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేవాళ్ళు అడిగేది ఒకటే: "సార్, మైనింగ్‌కి తక్కువ ఫీజులో మంచి కాలేజీ ఏదైనా ఉందా?" ఉంది. కానీ అది సిటీ బస్సు ఎక్కి పోయే దూరంలో లేదు. మన చిక్కంతా అక్కడే.

నగరం అంచున ఉన్న కాలేజీలో మైనింగ్ బ్రాంచి ఉంటే, ఇంటికాడి నుంచే పోయి రావొచ్చు కదా అని తల్లిదండ్రులు అటే మొగ్గుతారు. చుట్టుపక్కల యాభై కిలోమీటర్లలో ఒక్క బొగ్గుబాయి లేని చోట నాలుగేళ్ళు మైనింగ్ చదివి ఏం లాభం? ఏడాదికోసారి బస్సులో తీసుకెళ్ళి, హెల్మెట్లు పెట్టి ఫొటోలు దిగి వస్తే దాన్ని గని శిక్షణ అనుకోవాలా?

భూగర్భ గనిలో పని మొదలయ్యే ముందు కప్పు తట్టి చూస్తారు. ఒక చేత్తో కర్ర పట్టి తడుతూ, రెండో అరచేతిని కప్పుకు ఆనిస్తారు. ఖంగున మోగితే ఫరవాలేదు. డప్పులా డొల్లగా మోగిందంటే లోపల పొర విడిపోయిందన్నమాట. చెవికి అందని అదురు కొన్నిసార్లు అరచేతికి తెలుస్తుంది. ఈ తేడా పట్టుకోవడం పవర్‌పాయింట్ చూస్తే రాదు. గాలి ఎటు తిరుగుతోంది, మీథేన్ ఎక్కడ చేరుతుంది, పంపు ఆగితే ఏ మూల ముందు మునుగుతుంది అనేవి కూడా అంతే. నలుగురితో కలిసి మళ్ళీ మళ్ళీ బాయి దిగితేనే వస్తాయి.

ఆ వసతి ఉన్న ప్రభుత్వ కాలేజీలు మనకు రెండున్నాయి. కొత్తగూడెం స్కూల్ ఆఫ్ మైన్స్ 1978లో మన ఉస్మానియా యూనివర్సిటీ కిందే మొదలై, తర్వాత కాకతీయకు మారింది. 2025లో డాక్టర్ మన్మోహన్ సింగ్ పేరుతో ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ అయింది. సింగరేణి ప్రధాన కార్యాలయం ఆ ఊళ్ళోనే. రెండోది జేఎన్‌టీయూ మంథని కాలేజీ. సెంటినరీ కాలనీలో ఉంది. దాని దగ్గర్లోనే అడ్రియాల లాంగ్‌వాల్ గని. దేశంలో చాలామంది మైనింగ్ విద్యార్థులు పుస్తకంలో బొమ్మగా మాత్రమే చూసే యంత్రాలు అక్కడ పనిచేస్తున్నాయి.

ఖర్చు సంగతికొస్తే, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు ఆదాయ పరిమితి లోపుంటే ఫీజు మొత్తం రీయింబర్స్‌మెంట్‌లో వస్తుంది. బీసీలకు పదివేల ర్యాంకు దాటితే వచ్చేది 35 వేలే, మిగతాది ఇంట్లోంచి పెట్టుకోవాలి. ప్రైవేటు కాలేజీలో ఆ మిగతాదే నడ్డి విరుస్తుంది. పైగా బకాయిలు రాలేదని సర్టిఫికెట్లు ఆపడం ఉండనే ఉంది. జేఈఈ రాసిన పిల్లలకు ఇంకో దారుంది. 1926లో పెట్టిన ధన్‌బాద్ ఐఎస్ఎం ఇప్పుడు ఐఐటీ. ఏటా రెండు లక్షల ట్యూషన్ ఫీజు చూసి బెదరకండి. ఎస్సీ, ఎస్టీలకు అది పూర్తిగా మాఫీ. కులంతో పని లేకుండా లక్ష లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకూ మాఫీయే, అయిదు లక్షల లోపైతే మూడింట రెండొంతులు తగ్గుతుంది. నిట్‌లలో సురత్కల్, రూర్కెలా, రాయ్‌పూర్, నాగపూర్‌లలో మైనింగ్ ఉంది. బొగ్గు బెల్టును ఆనుకునే ఉన్న మన వరంగల్ నిట్‌లో మాత్రం లేదు! ఇన్నేళ్ళలో మన ఎంపీలెవరూ దీన్ని పట్టించుకున్నట్టు కనబడదు.

డిగ్రీతో పని అయిపోదని కూడా చెప్పాలి. గనికి మేనేజర్ కావాలంటే గనుల భద్రతా డైరెక్టరేట్, అంటే డీజీఎంఎస్, ఇచ్చే సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్ సర్టిఫికెట్లు కావాలి. వాటికి గనిలో పనిచేసిన అనుభవమూ కావాలి, చదివిన డిగ్రీకి గుర్తింపూ ఉండాలి. కన్సల్టెన్సీ వాళ్ళను ఈ ఒక్క మాట అడిగి చూడండి, సగంమంది సంభాషణ ప్లేస్‌మెంట్ల మీదికి మళ్ళిస్తారు.

ఆడపిల్లలకెందుకు ఈ చదువు అనేవాళ్ళు కూడా వస్తుంటారు. భూగర్భంలో సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలకు మహిళలను 2019లోనే అనుమతించారు. మన తెలంగాణ అమ్మాయి రసకట్ల సంధ్య హిందుస్థాన్ జింక్ భూగర్భ గనిలో మేనేజరుగా పనిచేశారు. బొగ్గు రేపు ఉండదట కదా అనేవాళ్ళకూ ఒక మాట. తాండూరు సున్నపురాయి, మంగంపేట బెరైటీస్, తుమ్మలపల్లె యురేనియం, బైలదిల్లా ఇనుము ఎక్కడికీ పోవు. ఆ బైలదిల్లాను తవ్వే ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం మన మాసబ్‌ట్యాంక్‌లోనే ఉంది.

ఇక ప్రభుత్వానికి. కొత్తగూడెంలో బోర్డు మార్చారు, సంతోషం. చదువు చెప్పేవాళ్ళలో ఫస్ట్ క్లాస్ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు ఎంతమంది అన్నది అసలు లెక్క. ముప్పై ఏళ్ళు గనులు నడిపిన మేనేజర్‌కు పీహెచ్‌డీ లేదని పాఠం చెప్పనివ్వకపోవడం అన్యాయం. యూజీసీ 2022లోనే ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ పేరుతో ఆ తలుపు తెరిచింది. సింగరేణిలో ఏటా రిటైరయ్యేవాళ్ళను ఆ దారిన తీసుకోవచ్చు, పెద్ద ఖర్చు కూడా కాదు.

అడ్మిషన్ల కన్వీనర్ గారికి ఇంకో విన్నపం. కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో ప్రతి కాలేజీ ఎదుట ఫీజు వేస్తున్నారు. మైనింగ్ బ్రాంచి ఉన్నచోట మరో మూడు గడులు చేర్చండి: డిగ్రీకి డీజీఎంఎస్ గుర్తింపు ఉందా, విద్యార్థులు ఏ గనిలో ఎన్ని వారాలు శిక్షణ పొందుతారు, ఫస్ట్ క్లాస్ సర్టిఫికెట్ ఉన్న అధ్యాపకులు ఎందరు. అదే కాగితం తెలుగులో అచ్చువేసి, ఆప్షన్లు తెరవడానికి వారం ముందే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ నోటీసు బోర్డు మీద అంటించండి.

— ఒక విశ్రాంత సింగరేణి ఉద్యోగి, కాచిగూడ, హైదరాబాద్