పాత జ్వరం... కొత్త పడగ

2003 జూన్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నిన్నటిదాకా ఆడుకున్న పిల్లలకు ఉన్నట్టుండి జ్వరం, వాంతులు, ఫిట్స్! ఆస్పత్రిలో చేర్చిన ఒక్క రోజులోనే ఎందరో కన్నుమూశారు. సెప్టెంబరు దాకా 329 మంది జబ్బు పడితే, 183 మంది దక్కలేదు.

మెదడువాపు అనగానే అనుమానం జపనీస్ ఎన్‌సెఫలైటిస్ మీదికే పోతుంది. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పరిశోధకులు పరీక్షిస్తే అది కాదని తేలింది. డెంగీ కాదు, తట్టూ కాదు. చివరికి బయటపడింది చాందీపుర వైరస్. వాళ్లకది పాత శత్రువే! 1965లో నాగపూర్ దగ్గరి చాందీపురలో, జ్వరమొచ్చిన ఇద్దరు పెద్దవాళ్ల రక్తంలో దాన్ని తొలిసారి పట్టుకున్నది ఆ సంస్థే. ఆ ఊరి పేరే వైరస్‌కూ పెట్టారు. ఆనాటి శ్రమ 38 ఏళ్ల తర్వాత అక్కరకొచ్చింది.

శత్రువెవరో తెలిస్తే కాపు ఎక్కడ కాయాలో తెలుస్తుంది. ఈ వైరస్‌ను మోసుకొచ్చేది ప్రధానంగా ఇసుక ఈగ. దోమకన్నా చిన్నది. మట్టిగోడల పగుళ్లలో, పశువుల పాకల్లో దాక్కుంటుంది. 2024లో గుజరాత్‌లోనూ ఈ వైరస్ పిల్లల్ని బలిగొంది. దీనికి టీకా లేదు, ప్రత్యేకమైన మందూ లేదు. అందుకే గోడల పగుళ్లు పూడ్చాలి, పిల్లల్ని దోమతెరలో పడుకోబెట్టాలి. జ్వరంతోపాటు ఫిట్స్ వస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.