కాన్వెంటు వాకిలి - పేదబిడ్డ హక్కు

న్యూఢిల్లీలోని గోల్ డాక్‌ఖానా సమీపాన, సేక్రెడ్ హార్ట్ కెథెడ్రల్‌ను ఆనుకొని రెండు ప్రసిద్ధ కేథలిక్ విద్యాలయాలున్నాయి. 1941లో ఐరిష్ క్రిస్టియన్ బ్రదర్స్ స్థాపించిన సెయింట్ కొలంబాస్ వాటిలో ఒకటి. కాన్వెంట్ ఆఫ్ జీసస్ అండ్ మేరీ రెండవది. ఇటువంటి బడులలో సీటు కోసం రాజధానిలోని ఉన్నతవర్గాలు పడే ఆరాటం మాబోటి విలేకరులకు తెలియనిది కాదు. తెలుగునాట ఇంగ్లీషు బడి దేనినైనా ‘కాన్వెంటు’ అనడం అలవాటైపోయిందంటే, ఈ సంస్థల ప్రతిష్ఠ ఎంతటిదో ఊహించవచ్చు.

ఈ ప్రతిష్ఠ వెనుక ఒక రాజ్యాంగ వివాదం ఉన్నది. చదువు బాలల ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు ప్రకటించినది 1993లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా ఉన్న ఉన్నికృష్ణన్ కేసులోనే. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడులు ప్రవేశ తరగతిలో నాలుగోవంతు సీట్లను బలహీనవర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలన్నది. కాని మైనారిటీ విద్యాసంస్థలకు ఆ చట్టం వర్తించదని 2014లో ప్రమతి కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. 2025 సెప్టెంబరు 1న ఇద్దరు న్యాయమూర్తులు ఆ తీర్పు ఔచిత్యాన్ని శంకించి, విస్తృత ధర్మాసనం పరిశీలన కోసం ప్రధాన న్యాయమూర్తికి నివేదించారు.

మైనారిటీలకు తమ విద్యాసంస్థలను తామే నడుపుకొనే హక్కునిచ్చే 30వ అధికరణ అనవసరమనే వారితో నేను ఏకీభవించను. సంఖ్యాబలమే సర్వస్వమైన రాజకీయాలలో అల్పసంఖ్యాకుల బడి తాళంచెవులు ఎవరి చేతికి పోతాయోనన్న భయం నిరాధారమైనది కాదు. పేదలపై ప్రేమ ఒలకబోస్తూ ఆ అధికరణను బలహీనపరచజూచే వారి అంతరంగమూ మనకు తెలియనిది కాదు.

అయితే నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. క్రైస్తవ పాఠశాలల విద్యార్థులలో దాదాపు 74 శాతం క్రైస్తవేతరులనీ, మొత్తం మైనారిటీ పాఠశాలలలో బలహీనవర్గాల పిల్లలు 9 శాతానికి లోపేననీ జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2021లో వెల్లడించింది. అన్యమతస్థులను చేర్చుకోవడం దోషం కాదు; అది దేశానికి చేస్తున్న సేవయే. కాని ఫీజు చెల్లించగల అన్యమతస్థునికి తెరచుకున్న తలుపు, చెల్లించలేని వాని ముందు మూసుకుపోవడానికి 30వ అధికరణ సాకు కారాదు. అలా మూసుకున్న తలుపు వెలుపల దళిత క్రైస్తవుని బిడ్డ కూడా నిలబడి ఉంటాడని మరువరాదు.

మారుమూల గిరిజన ప్రాంతాలలో కేథలిక్ సంస్థలు పేదలకు చదువు చెప్పిన చరిత్ర ఉన్నది. ఆ దీక్షనే నగరాల నడిబొడ్డున ఉన్న పేరుమోసిన బడులలోనూ చూపడం అసాధ్యం కాదు. న్యాయస్థానం ఆజ్ఞాపించేదాకా ఆగక, నాలుగోవంతు సీట్లను యాజమాన్యాలే స్వచ్ఛందంగా పేదలకు కేటాయించాలి. ఆ పిల్లల ఖర్చును ప్రభుత్వాలు సకాలంలో భరించాలి. హక్కుకు చట్టం కంచె కాగలదు. కాని ప్రజల అభిమానాన్ని మించిన రక్షణ ఏ మైనారిటీకీ లేదు.