పునర్నిర్మాణ నిధులపై నిఘా: ఇరాక్, ఆఫ్ఘనిస్థాన్ నేర్పిన పాఠాలు

(నేపథ్య వ్యాసం)

యుద్ధంలో దెబ్బతిన్న దేశాన్ని తిరిగి నిలబెట్టేందుకు మరో దేశం ఖర్చు చేసే నిధుల విషయంలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. నిధులు మంజూరు చేసే చట్టసభ ఒక దేశంలో ఉంటుంది. పనులు వేరొక దేశంలో జరుగుతాయి. పన్ను చెల్లించిన పౌరునికి ఆ పని కనిపించదు. పనిని కళ్లారా చూసే పౌరునికి లెక్క అడిగే హక్కు లేదు. ఈ లోటును పూడ్చేందుకు అమెరికా ప్రభుత్వం ఇరాక్, ఆఫ్ఘనిస్థాన్‌లలో తన ఖర్చుపై రెండు ప్రత్యేక తనిఖీ సంస్థలను ఏర్పాటు చేసింది. అవి వెలువరించిన నివేదికలు ప్రభుత్వ వ్యయ పర్యవేక్షణలో నిమగ్నమైన ప్రతి అధికారికీ, దానిపై వార్తలు రాసే ప్రతి పాత్రికేయునికీ ఉపయోగపడేవి. ఖర్చుతో పాటే తనిఖీ మొదలు కాకపోతే తరువాత ఎంత నిశితంగా లెక్క తేల్చినా పోయిన సొమ్ములో అధిక భాగం తిరిగి రాదన్నది వాటి సారాంశం.

ఇరాక్: ముందు నగదు, తరువాత తనిఖీ

2003 ఏప్రిల్‌లో సద్దాం హుస్సేన్ ప్రభుత్వం కూలిపోయిన తరువాత ఇరాక్ పాలనను అమెరికా ఆధ్వర్యంలోని సంకీర్ణ తాత్కాలిక పాలనా సంస్థ చేపట్టింది. 2003 నవంబరులో అమెరికా కాంగ్రెస్ ఇరాక్ పునర్నిర్మాణానికి 1,840 కోట్ల డాలర్లు మంజూరు చేస్తూ, అదే చట్టంలో ఆ సంస్థకు ఇన్‌స్పెక్టర్ జనరల్ పదవిని కూడా ఏర్పాటు చేసింది. 2004 జనవరిలో స్టూవర్ట్ బోవెన్ ఆ పదవిలో నియమితులయ్యారు. 2004 జూన్‌లో తాత్కాలిక పాలనా సంస్థ రద్దయింది. అదే ఏడాది అక్టోబరులో ఆయన కార్యాలయాన్ని ఇరాక్ పునర్నిర్మాణ ప్రత్యేక ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయంగా మార్చారు. దీనినే సంక్షిప్తంగా సిగిర్ అంటారు.

తనిఖీ సిబ్బంది బాగ్దాద్ చేరేనాటికే పెద్ద మొత్తాలు చేతులు మారాయి. ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 2003 మేలో ఆమోదించిన 1483వ తీర్మానం మేరకు ఇరాక్ చమురు ఆదాయాన్ని అభివృద్ధి నిధి పేరిట జమ చేశారు. అది ఇరాక్ ప్రజల సొమ్ము. ఖర్చు చేసే అధికారం మాత్రం తాత్కాలిక పాలనా సంస్థది. ఆ నిధి నుంచి ఇరాక్ మంత్రిత్వ శాఖలకు బదిలీ చేసిన దాదాపు 880 కోట్ల డాలర్ల వినియోగంపై తగిన నియంత్రణ లేదని 2005 జనవరిలో వెలువడిన సిగిర్ ఆడిట్ తేల్చింది. ఒక మంత్రిత్వ శాఖలో 8,206 మంది కాపలాదారులకు జీతాలు చెల్లించగా, వారిలో 602 మంది ఉనికికి మాత్రమే ఆధారాలు లభించాయి.

యుద్ధ పరిస్థితులను ఆడిట్ పరిగణనలోకి తీసుకోలేదని పాలనా సంస్థ అధిపతిగా వ్యవహరించిన పాల్ బ్రెమర్ అభ్యంతరం తెలిపారు. 880 కోట్ల డాలర్లూ స్వాహా అయ్యాయని ఆ ఆడిట్ చెప్పలేదు. ఆ సొమ్ము ఏమైందో రుజువు చేయగల కాగితాలు లేవని మాత్రమే చెప్పింది. దీనిపై వార్తలు రాసేటప్పుడు ఈ తేడాను గుర్తుంచుకోవడం అవసరం. అయితే రశీదు లేని చోట నిజాయితీపరుడైన అధికారికి కూడా తనను తాను సమర్థించుకునే ఆధారం ఉండదన్నది దీని రెండో పార్శ్వం.

రుజువైన అవినీతి ఉదంతాలు కూడా వెలుగు చూశాయి. హిల్లా నగరంలోని ప్రాంతీయ కార్యాలయంలో నగదు చెల్లింపులు చూసిన లెక్కల అధికారి ఒకరు ముడుపులు తీసుకుని ఒకే కాంట్రాక్టర్‌కు పనులు కట్టబెట్టినట్లు తేలింది. ఆయనకు 2007 జనవరిలో 9 ఏళ్ల జైలుశిక్ష పడింది. ఆ అధికారి 1990 దశకంలోనే మోసం కేసులో శిక్ష పడిన వ్యక్తి. నియామకానికి ముందు జరగవలసిన సాధారణ విచారణ జరిగి ఉంటే ఈ వ్యవహారం మొదలయ్యేదే కాదు.

దొంగతనం కన్నా వృథాయే అధికం

సిగిర్ నివేదికలను పరిశీలిస్తే, నష్టంలో ముడుపుల వాటా కన్నా ప్రణాళికా లోపాల వాటా చాలా ఎక్కువని స్పష్టమవుతుంది. 2004లో 150 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల నిర్మాణానికి కాంట్రాక్టు ఇచ్చారు. 2006 ఏప్రిల్‌లో సిగిర్ తనిఖీ చేసేనాటికి 18.6 కోట్ల డాలర్లు ఖర్చు కాగా పూర్తయినవి 6 మాత్రమే. బాగ్దాద్ పోలీసు కళాశాలను 7.5 కోట్ల డాలర్లతో నిర్మించగా, నాసిరకం గొట్టాల పని వల్ల మరుగు నీరు పైకప్పుల నుంచి కింది అంతస్తుల్లోకి కారింది. ఖాన్ బనీ సాద్ వద్ద సుమారు 4 కోట్ల డాలర్లు వెచ్చించిన కారాగారాన్ని సగంలో వదిలివేయవలసి వచ్చింది. ఫల్లూజా మురుగునీటి పథకం అంచనా 3.25 కోట్ల డాలర్ల నుంచి 10 కోట్ల డాలర్లు దాటింది. అయినా తొలుత అనుకున్న ఇళ్లలో సగానికన్నా తక్కువ ఇళ్లకే అది పరిమితమైంది.

వీటికి కారణాలు కూడా నివేదికల్లోనే ఉన్నాయి. అయిన ఖర్చుపై లాభం కలిపి చెల్లించే పద్ధతిలో కాంట్రాక్టులు ఇచ్చారు. అందువల్ల ఖర్చు తగ్గించుకోవాలన్న ఒత్తిడి కాంట్రాక్టర్‌పై లేకపోయింది. పనులను అజమాయిషీ చేయవలసిన ఇంజనీర్లు తరచుగా మారిపోయారు. భద్రత దిగజారడంతో వారు క్షేత్రస్థాయికి వెళ్లలేకపోయారు. భద్రతా అవసరాల కోసం 2004లో నీరు, విద్యుత్తు రంగాల నుంచి దాదాపు 340 కోట్ల డాలర్లు మళ్లించారు. ఫలితంగా నీటి రంగంలో తలపెట్టిన 136 పథకాల్లో 49 మాత్రమే పూర్తి కాగలవని 2006 జనవరిలో సిగిర్ వెల్లడించింది. ఇందులో ఎవరూ డబ్బు కాజేయలేదు. అయినా మంచినీటి కోసం ఎదురు చూసిన కుటుంబానికి జరిగిన నష్టంలో తేడా లేదు.

2013లో మూతపడేలోగా సిగిర్ 220 ఆడిట్ నివేదికలను, 170 తనిఖీ నివేదికలను సమర్పించింది. 80కి పైగా కేసుల్లో నేరం రుజువైంది. సుమారు 6,000 కోట్ల డాలర్ల అమెరికా వ్యయంలో కనీసం 800 కోట్ల డాలర్లు వృథా అయినట్లు ఆ సంస్థ అంచనా వేసింది.

ఆఫ్ఘనిస్థాన్: ఆరేళ్ల ఆలస్యం

ఆఫ్ఘనిస్థాన్‌లో పునర్నిర్మాణ వ్యయం 2002లోనే మొదలైంది. దానిపై ప్రత్యేక ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం, అనగా సిగార్, ఏర్పాటుకు చట్టం వచ్చింది 2008 జనవరిలో. తొలి అధిపతి ఆర్నాల్డ్ ఫీల్డ్స్ హయాంలో సంస్థ పనితీరుపైనే విమర్శలు వచ్చాయి. ఇతర ఇన్‌స్పెక్టర్ జనరళ్లు 2010లో జరిపిన సమీక్షలో లోపాలు బయటపడగా, 2011లో ఆయన వైదొలగారు. 2012లో జాన్ సోప్కో బాధ్యతలు చేపట్టిన తరువాత సంస్థ పనిలో వేగం పెరిగింది.

సిగార్ వెలికితీసిన ఉదంతాల్లో మూడింటిని ప్రత్యేకంగా పేర్కొనవచ్చు. ఆఫ్ఘన్ వైమానిక దళం కోసం 20 జీ-222 రవాణా విమానాలకు సంబంధించిన కార్యక్రమంపై దాదాపు 54.9 కోట్ల డాలర్లు వెచ్చించారు. విడిభాగాలు దొరకక, నిర్వహణ సాగక అవి మూలనపడ్డాయి. 2014లో 16 విమానాలను పౌను 6 సెంట్ల చొప్పున తుక్కు కింద అమ్మివేశారు. హెల్మండ్ రాష్ట్రంలోని లెదర్‌నెక్ సైనిక శిబిరంలో 64,000 చదరపు అడుగుల కార్యాలయ భవనం అవసరం లేదని అక్కడి సేనానులు 2010లోనే తెలిపారు. అయినా సుమారు 3.6 కోట్ల డాలర్లతో దానిని కట్టారు. అందులో ఎవరూ పనిచేయలేదు. ఆఫ్ఘన్ సైనికుల దుస్తులకు అడవి రంగుల నమూనాను ఎంపిక చేసినందువల్ల 2.8 కోట్ల డాలర్ల వరకు అదనపు భారం పడిందని 2017లో సిగార్ నివేదించింది. ఆ దేశ భూభాగంలో అడవులు 2.1 శాతమే.

తాను సమీక్షించిన 6,300 కోట్ల డాలర్ల వ్యయంలో 1,900 కోట్ల డాలర్లు, అనగా సుమారు 30 శాతం, వృథా, మోసం, దుర్వినియోగాల పాలైనట్లు 2020 అక్టోబరులో సిగార్ తెలిపింది. 2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల వశమైన తరువాత నిర్మాణాలు, ఆయుధాలు కూడా చేజారాయి. 2025 డిసెంబరులో వెలువడిన తుది నివేదిక ప్రకారం 2002-2021 మధ్య కేటాయింపులు సుమారు 14,800 కోట్ల డాలర్లు.

తనిఖీకి ఎదురైన అడ్డంకులు

మొదటిది, చేరుకోలేని ప్రాంతాలు. సేనల ఉపసంహరణ వల్ల 2014 చివరికి ఆఫ్ఘన్ భూభాగంలో 21 శాతానికి మించి అమెరికా పౌర తనిఖీ సిబ్బంది వెళ్లలేరని 2013లోనే సిగార్ హెచ్చరించింది. తనిఖీ సిబ్బంది అడుగుపెట్టలేని చోట కూడా నిధుల విడుదల ఆగలేదు.

రెండోది, సమాచారంపై ఆంక్షలు. ఆఫ్ఘన్ బలగాల సంఖ్యకు సంబంధించిన కీలక వివరాలను 2017 అక్టోబరు నివేదికలో బహిరంగపరచకుండా సైన్యం నిలిపివేసింది. జీతాల పట్టీలో పేరు మాత్రమే ఉండి, విధుల్లో లేని సైనికుల సమస్యపై అప్పటికే నివేదికలు వచ్చాయి. అటువంటి సమయంలో లెక్కలు మరుగున పడటం గమనార్హం.

మూడోది, తనిఖీ సంస్థల మనుగడ. 2007 అక్టోబరు 1 నాటికి సిగిర్‌ను మూసివేయాలన్న నిబంధనను 2006లో రక్షణ బిల్లులో చేర్చారు. విషయం బయటపడి విమర్శలు రావడంతో అదే ఏడాది డిసెంబరులో కాంగ్రెస్ దానిని సవరించింది. 2025 జనవరిలో పలువురు ఇన్‌స్పెక్టర్ జనరళ్లతో పాటు సోప్కోను కూడా అమెరికా అధ్యక్షుడు పదవి నుంచి తొలగించారు. తనిఖీ అధికారి పదవికి చట్టబద్ధమైన భద్రత ఎంత ముఖ్యమో ఈ రెండు సంఘటనలు తెలియజేస్తున్నాయి.

భారతదేశానికీ వర్తించే అంశం

భారతదేశం కూడా ఆఫ్ఘన్ పునర్నిర్మాణంలో 300 కోట్ల డాలర్లకు పైగా సహాయాన్ని అందించింది. జరంజ్-దెలారామ్ రహదారి, కాబూల్‌కు విద్యుత్తు లైను, పార్లమెంటు భవనం వీటిలో ముఖ్యమైనవి. హెరాత్ రాష్ట్రంలోని 42 మెగావాట్ల సల్మా ఆనకట్టకు 2004లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన అంచనా రూ. 351.87 కోట్లు. 2015 డిసెంబరులో సవరించిన అంచనా రూ. 1,775.69 కోట్లు. 2016 జూన్‌లో ఆనకట్ట ప్రారంభమైంది. యుద్ధ ప్రాంతంలో భద్రత, రవాణా సమస్యలు పని కాలాన్ని, వ్యయాన్ని ఎంతగా పెంచగలవో ఈ అంకెలు చెబుతున్నాయి. పెరిగిన ప్రతి అంచనాకూ కారణాలు నమోదై ఉండటమే అటువంటి పనులకు రక్షణ.

ఏం చేయాలి?

రెండు దేశాల అనుభవం నుంచి కొన్ని స్పష్టమైన సూత్రాలు లభిస్తున్నాయి. నిధులు మంజూరు చేసే ఉత్తర్వులోనే స్వతంత్ర తనిఖీకి ఏర్పాటు ఉండాలి. తొలి చెల్లింపు నాటికే సిబ్బంది పని స్థలంలో ఉండాలి. ఎంత సొమ్ము ఖర్చయిందన్నది ప్రగతికి కొలబద్ద కారాదు. కట్టిన కేంద్రం తెరుచుకున్నదా, కుళాయిలో నీరు వచ్చిందా అన్నది కొలవాలి. పని పూర్తయ్యాక దానిని నడపగల సిబ్బంది, నిధులు, విడిభాగాలు స్థానికంగా లభిస్తాయా అన్నది మంజూరుకు ముందే తేల్చాలి. తనిఖీ చేయడం సాధ్యం కాని చోట చెల్లింపులు నిలపగల అధికారం ఉండాలి. నివేదికలు సహాయం పొందే ప్రజల భాషలో కూడా వెలువడాలి.

సిగిర్, సిగార్ నివేదికలు బహిరంగంగా లభ్యమైనందువల్లనే ఈ అంకెలన్నీ నేడు చర్చకు వస్తున్నాయి. తప్పు జరిగిందని తన దస్త్రాల్లోనే రాసుకుని ప్రచురించడం ఏ ప్రభుత్వానికైనా ఇబ్బందికరమే. అయితే లెక్క ప్రచురణతోనే పని ముగియదు. మూతపడిన ఆరోగ్య కేంద్రం, ఎవరూ చేరని భవనం కాగితాలపై అంకెలుగా మిగలకముందే, పని మధ్యలో ఉన్నప్పుడే నిలదీసి సరిదిద్దగలిగిన నాడే పర్యవేక్షణ లక్ష్యం నెరవేరినట్లు.