వాన రాని నెలలో వానపాఠము

పడమటి కనుమలు నైరృతి మేఘములలోని నీటిని ముందుగనే పిండుకొనుటచేత, ఆషాఢమాసమున ధర్మవరము మీదను, పెనుకొండ కోట మీదను గాలి హోరున వీచుటయే గాని చినుకు నిలుకడగా పడుట యరుదు. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే కురియు ఈ సీమలో, ఆ కొంచెపు వర్షమునందును పెద్దపాలు భాద్రపద ఆశ్వయుజములకే దక్కునని చెనక్కాయ వేయు రైతు నెవ్వని నడిగినను చెప్పగలడు. అయినను బడి గోడమీది పటములో జూన్ అనగా వానకాలమే. గొడుగు పట్టుకొని నీటిగుంటలో కాగితపు పడవ విడుచు పిల్లవాని బొమ్మను చూచుచు, కిటికీ వెలుపల ఎఱ్ఱదుమ్ము లేచుచుండగా, ఒకటవ తరగతి పిల్లలు ‘ఇది వానకాలము’ అని తెలుగున నొకమాఱు, ఇంగ్లీషున నొకమాఱు వల్లింతురు. రెండు భాషలలోను అది అసత్యమే.

2020–21 విద్యాసంవత్సరము మొదలు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలకు ఒక పుట ఇంగ్లీషు, ఎదురుపుట తెలుగుగా ద్విభాషా పాఠ్యపుస్తకములు వచ్చినవి. మాధ్యమమును గూర్చిన తగవు, 2019లో ఇంగ్లీషు మాధ్యమమును తప్పనిసరి చేయుచు వెలువడిన ప్రభుత్వపు ఉత్తర్వు, మఱుసటి ఏప్రిల్‌లో హైకోర్టు దానిని కొట్టివేసిన సంగతి పాఠకు లెఱిగినవే. వానిని తిరుగదోడుట నా యుద్దేశము గాదు. ఎదురెదురు పుటల యేర్పాటు మంచిదే. కాని ఆరేండ్ల పసివానికి ఈ పుట ఆ పుటకు అర్థము చెప్పజాలదు. రెండింటికిని అర్థమిచ్చు వస్తువు బడి ప్రహరీగోడకు వెలుపల నున్నది. వెలుపలికి కొనిపోనిచో, తెలియని మాటకు మఱియొక తెలియని మాటను జోడించుటయే మన ద్విభాషా బోధన కాగలదు.

ఈ సత్యమును హిందూపురమునకు క్రొత్తగా బోధింప నక్కఱలేదు. మరాఠా సర్దారు మురారిరావు తన తండ్రి హిందూరావు పేర వెలయించిన ఊరది. కొలది మైళ్లలో కన్నడసీమ మొదలగును. వీధిలో ఉర్దూ వినబడును. అచ్చటి పిల్లలు ఇంట తెలుగు, అంగడిలో కన్నడము, ఆటలో ఉర్దూ పట్టుబడి బడికి వత్తురు. ఎవ్వరును వారికి పట్టికలు వ్రాసి నేర్పలేదు. బెల్లపు ముక్క చేత బెట్టి ‘బెల్ల’ అనిన కన్నడపు అవ్వయే వారి గురువు. వస్తువు ముందు, మాట వెనుక. ఇంగ్లీషు దగ్గఱకు వచ్చునప్పటికి మాత్రము ఈ వరుసను మనము తలక్రిందులు చేసితిమి.

కావున ఒకటవ తరగతికి ఋతువులను ఈ సీమ ఆకాశమునుబట్టి చెప్పవలెను. ఆషాఢమున గాలి పాఠము: కాగితపు గాలిమర చేయించి, రామగిరి గుట్టలమీది పెద్ద గాలిమరలను దూరమునుండియైనను చూపవచ్చును. వానపాఠము భాద్రపదములో, పన్నెండవ శతాబ్దమున క్రియాశక్తి ఒడయరు త్రవ్వించెనని చెప్పుకొను ధర్మవరపు చెఱువుకట్టకు ఎడముగా నిలిచి, క్రొత్తనీరు వచ్చుట చూపుచు చెప్పవలెను. కార్తికమున చెనక్కాయ పీకునప్పుడు చేనికి బోవలెను. పువ్వు పైన పూచి, ఊడ నేలలోనికి దిగి, కాయ మట్టిలో కాచు ఈ విడ్డూరమును చేతితో పెఱికి చూచిన పిల్లవానికి ‘వేరు’ అనుమాటయు ‘రూట్’ అనుమాటయు ఒక్కనాటనే వచ్చును. ‘మఱి కాయ వేరునకు కాచినదా, ఊడకు కాచినదా’ అని అడిగెనా, ఆనాటికి ఉపాధ్యాయుని శ్రమ ఫలించినట్లే.

అన్నిటికంటెను నా మనసు వీరాపురము మీదికి పోవుచున్నది. హిందూపురమునకు సమీపమున, చిలమత్తూరు మండలమందలి ఆ చిన్న పల్లెలో, ఏటేట సంక్రాంతి ప్రాంతమున ఎఱ్ఱకాళ్ల కొంగలు వచ్చి ఇండ్ల నడుమనున్న చింతచెట్లపై గూళ్లు కట్టి, పిల్లలను పెంచి, వర్షాకాలము వచ్చుసరికి తరలిపోవును. ఊరివారు వానిని చుట్టములవలె చూతురు. ఒక్క రాయి విసరనీయరు. (వానిని సైబీరియా కొంగలని పిలుచు అలవాటు పత్రికలవారికి కూడ కలదు గాని, పాపము, అవి మన దక్షిణాసియా పక్షులే.) ఒకటవ తరగతివారిని అచ్చటికి ఒకసారి గాక రెండుసార్లు తీసికొనిపోవలెనని నా మనవి. పుల్లలు మోసుకొనివచ్చు కాలమున నొకమాఱు, పిల్లలు నోళ్లు తెఱచి గోలపెట్టు కాలమున మఱియొక మాఱు. పసుపు ముక్కును, తోకచెంత గులాబిరంగు ఈకలను, ఇంకను రంగు రాని పిల్లల బూడిదవన్నెను చూచి రంగుల పేర్లు రెండు భాషలలోను చెప్పుకొందురు. చెట్టుక్రింద గుసగుసగా మాటలాడవలెనను నియమము మఱియొక పాఠము.

పట్టు సంగతియు నట్టిదే. హిందూపురమున పట్టుగూళ్ల మార్కెట్టున్నది, ధర్మవరమున గుంతమగ్గములున్నవి, ఈ రెండింటి నడుమ నున్న మార్గమంతయు ఒక తరగతిగదిలో ఇమిడించవచ్చును. పురుగు సుమారు నాలుగువారములు మల్బరీ ఆకు మేసి, నాలుగుమాఱులు పొర విడిచి, గూడు కట్టుకొనును. ఒక తట్టలో కొన్ని పురుగులు పెంచినయెడల, ఆకు కోయుట, లెక్కించుట, తేదీ వ్రాయుట అన్నియు పిల్లలే చేయుదురు. తరువాత సాలెవారి వీధికి పోవలెను. అచ్చట పడుగు, పేక, నాడె, కండె అను మాటలకు అధికారి ఉపాధ్యాయుడు గాడు, ఆ వీధిలో పుట్టిన పిల్లవాడు. బడిలో నోరు విప్పని ఆ బిడ్డ ఆనాడు మార్గదర్శి యగును. ఒక జాగ్రత్త మాత్రము తప్పదు: మగ్గము చూపుట వేఱు, మగ్గము పనికి పిల్లలను అలవాటు చేయుట వేఱు. ఆ వీధులలో కండెలు చుట్టిన చేతులు ఇదివఱకే చాలినన్ని యున్నవి.

విహారయాత్ర యనగానే బెంగళూరు నీళ్లపార్కునకు బస్సు కట్టించుట నేటి ప్రైవేటు బడుల ఆచారము. కొందఱు లేపాక్షికి పోవుదురు గాని, గుడి కట్టించిన విరూపన్న కథను, పదునాఱవ శతాబ్దమును ఏకరువు పెట్టి పిల్లలను ఎండలో నిలబెట్టుదురు. ఆరేండ్లవానికి శతాబ్దమనగా నిన్నటికి ముందటిది. ఏకశిలా నంది చుట్టు నడిపించి, మెడలోని గంటలను చూపి, ఇరువదియేడడుగుల ఆ ఎద్దుకు ఎందఱు పిల్లలు చేతులు చాచి వరుసగా నిలువవలయునో కొలిపించిన చాలును. 1565 తరువాత పెనుకొండ రాజధాని యైన వృత్తాంతమును ఐదవ తరగతి వఱకు దాచవచ్చును. ఎఱ్ఱమంచి కార్ల కర్మాగారమునకును తొందర లేదు.

2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రము బడిచదువును బడివెలుపలి జీవితముతో కలుపుమని చెప్పినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము పుస్తకసంచి లేని పదిదినములను కల్పించినది గాని, ఆఱునుండి ఎనిమిదవ తరగతివారికి! అత్యవసరమైనది చిన్నవారికి గదా. మన రాష్ట్రమున శనివారము సంచి లేని దినమని ప్రకటించుట సంతోషకరము. ఆ శనివారములు బొమ్మలకు రంగులు వేయుటతోనే గడచిపోరాదు. ఏకోపాధ్యాయ పాఠశాలలకు ఇది సాధ్యమా యని యందురు. మదనపల్లె చెంతనున్న ఋషివ్యాలీ విద్యాసంస్థ వారు పల్లెబడులలో ఒక్క ఉపాధ్యాయునితో పలుతరగతులను, పరిసరములను ఆధారము చేసికొని నడిపి చూపియున్నారు. ఖర్చును పెద్ద అడ్డంకి గాదు. చేనికి నడచిపోవుటకు బస్సేల?

నిజమైన అడ్డంకి భయము. ప్రహరీ దాటినపిమ్మట పిల్లవాని కాలు బెణికినను తానొక్కడే దోషి యగుదునని ఉపాధ్యాయుడు వెఱచుచున్నాడు. ఆ వెఱపు అకారణము గాదు. కావున మండల విద్యాధికారులు ఏటి ప్రారంభముననే ఒక్కొక్క బడికి చేను, చెఱువు, మగ్గము, మార్కెట్టు, ఏ నెలలో ఏది యని స్థానిక పంచాంగమును వేయించి, నడకదూరపు యాత్రలకు వ్రాతపూర్వకమైన అనుమతియు, వెంట నడచుటకు తల్లిదండ్రులలో ఇద్దఱు ముగ్గురి తోడును ఏర్పఱుపవలెను. ఇవన్నియు చేసిపెట్టిన తరువాతనే ఉపాధ్యాయుని ప్రశ్నించు హక్కు మనకు కలుగును.