జ్వరం నాలుగో రోజుకి వచ్చిందా? నల్లమచ్చ కోసం వెతకండి



పిల్లలకి జ్వరం వస్తే మన ఇళ్లలో ముందు డెంగీ అనుకుంటాం, తర్వాత టైఫాయిడ్, మలేరియా. ఆ వరుసలో ఇంకో పేరు కూడా చేర్చుకోవాలి. అదే స్క్రబ్ టైఫస్. 2025 నవంబరు, డిసెంబరు నెలల్లో మన రాష్ట్రంలో చాలా జిల్లాల నుంచి ఈ కేసులు, కొన్ని మరణాలు కూడా వార్తల్లోకి వచ్చాయి. తొందరగా గుర్తుపడితే ఇది మామూలు మాత్రలతో తగ్గిపోయే జబ్బు. ఆలస్యమైతే ప్రాణం మీదికి తెస్తుంది. ఆ తొందరపాటు ఆసుపత్రి కన్నా ముందు ఇంట్లో మీ దగ్గర, బడిలో మా దగ్గర మొదలవ్వాలన్నది నా అభిప్రాయం.

పేరు దగ్గరగా ఉన్నా దీనికీ టైఫాయిడ్‌కీ సంబంధం లేదు. టైఫాయిడ్ కలుషితమైన నీళ్లు, తిండి వల్ల వస్తుంది. స్క్రబ్ టైఫస్ ఒక చిన్న పురుగు కుడితే వస్తుంది. అది మంచాల్లో ఉండే నల్లి కాదు. ఎలుకలు తిరిగే గడ్డిలో, పొదల్లో ఉండే సూక్ష్మమైన పురుగు. దాని పిల్ల దశే మనిషిని కుడుతుంది. కంటికి కనపడనంత చిన్నది కాబట్టి కుట్టినట్టు కూడా తెలియదు. మనిషి నుంచి మనిషికి ఈ జబ్బు అంటదు. అందుకే జ్వరం వచ్చిన పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టాల్సిన పని లేదు.

ఇప్పుడు మన నందివాడ చుట్టుపక్కల చూడండి. చేపల చెరువుల గట్లు, పంట కాలువల ఒడ్లు, గడ్డివాములు, ఇళ్ల మధ్య ఖాళీ స్థలాల్లో పెరిగిన పిచ్చిమొక్కలు. ఎలుకలకి ఇంతకన్నా మంచి చోటు ఎక్కడుంది? "మా వాడు పొలం గట్టు ఎక్కడు, బడి, ట్యూషన్, ఇల్లు అంతే" అని చాలామంది అంటారు. కానీ క్రికెట్ బంతి పొదలో పడితే వెతకడానికి వెళ్లేది వాడే. సెలవులకి అమ్మమ్మ గారి ఊరు వెళితే గట్ల వెంబడి తిరిగేదీ వాడే. పైగా పురుగు కుట్టాక 6 నుంచి 21 రోజుల లోపు జ్వరం మొదలవుతుంది. దసరా సెలవుల్లో ఆడిన ఆటకి, బడి తెరిచాక వచ్చిన జ్వరానికి సంబంధం ఉందని ఎవరికి తడుతుంది? డాక్టరు గారు అడగకపోయినా ఈ మూడు వారాల్లో పిల్లలు ఎక్కడెక్కడ తిరిగారో మీరే చెప్పాలి.

లక్షణాలు మిగతా జ్వరాల్లాగే ఉంటాయి. గట్టి జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు, వాంతులు, కొందరికి దద్దుర్లు. తేడా చూపించేది ఒక్క గుర్తు. పురుగు కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు. నొప్పి, దురద ఉండవు కాబట్టి పిల్లలు చెప్పరు. అది కూడా చంకల్లో, గజ్జల్లో, చెవి వెనక, మెడ మీద, నడుము దగ్గర బట్ట బిగుతుగా ఉండేచోట దాక్కుంటుంది. చిన్నపిల్లలకి స్నానం చేయించేటప్పుడు మీరే చూడండి. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు సిగ్గుపడతారు. అమ్మాయిని అమ్మ, అబ్బాయిని నాన్న కూర్చోబెట్టి విషయం చెప్పి, వాళ్లనే చూసుకోమనండి. ఒక మాట గుర్తుంచుకోండి. ఈ మచ్చ అందరికీ రాదు. మచ్చ లేదు కాబట్టి జబ్బు లేదని ధీమా పడొద్దు.

ఆలస్యం ఎక్కడ జరుగుతుందంటే, ప్లేట్‌లెట్లు ఇందులోనూ తగ్గుతాయి, దాంతో డెంగీ అనుకుంటాం. వైడాల్ పరీక్షలో ఏదో కాస్త కనిపిస్తే టైఫాయిడ్ అనుకుని రోజూ ఇంజెక్షన్లు చేయిస్తాం. టైఫాయిడ్‌కి మామూలుగా ఇచ్చే ఆ ఇంజెక్షన్లు ఈ క్రిమి మీద పనిచేయవు. దీనికి పనిచేసేవి డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్. మోతాదు డాక్టరే చెప్పాలి, మందుల షాపులో అడిగి వేసేవి కావు. రెండో వారానికి ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతినవచ్చు. ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్ ప్రాంతంలో ఏళ్ల తరబడి పిల్లల్ని పొట్టన పెట్టుకున్న మెదడు జ్వరాల్లో పెద్ద భాగానికి స్క్రబ్ టైఫసే కారణమని గత దశాబ్దంలో పరిశోధకులు తేల్చారు. మొదటి వారంలో మాత్రలు పడి ఉంటే ఎంతమంది బతికేవారో ఆలోచించండి.

ఇంట్లో కుక్క ఉన్నవాళ్లకి ఇంకో మాట. కుక్కల ఒంటి మీది గోమార్లు, అదే పిడుదులు, ఇదే కోవకు చెందిన మరో జ్వరాన్ని అంటిస్తాయి. అందులో అరచేతులు, అరికాళ్ల మీద కూడా దద్దుర్లు రావచ్చు. గోమారి పట్టుకుంటే గోళ్లతో నలపకండి, కిరోసిన్ పోయకండి. సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగి, సబ్బుతో కడగండి.

చివరగా బడి గురించి. ఉదయం పారాసిటమాల్ వేసి పంపిన పిల్లలు మూడో పీరియడ్‌కల్లా బెంచీ మీద తల వాల్చడం మేము చూస్తూనే ఉంటాం. యూనిట్ టెస్ట్ పోతుందన్న మీ బెంగ అర్థం అవుతుంది. కానీ ఆ మాత్ర జ్వరాన్ని దాచిపెడుతుంది, జబ్బుని కాదు. ఎన్నో రోజు జ్వరమో లెక్క కూడా తప్పిపోతుంది. అందుకే మీకు మూడు విన్నపాలు. మొదటి రోజు నుంచి జ్వరం ఎంత ఉందో, ఎప్పుడు వచ్చిందో కాగితం మీద రాయండి. మూడు రోజులు దాటితే పీహెచ్‌సీకో, గుడివాడ ఆసుపత్రికో తీసుకెళ్లి "స్క్రబ్ టైఫస్ కూడా చూడండి" అని అడగండి. మత్తుగా ఉన్నా, ఆయాసపడుతున్నా, ఫిట్స్ వచ్చినా మూడు రోజులు ఆగకండి, వెంటనే వెళ్లండి.

బడి వైపు నుంచి మేమూ మారాలి. జ్వరంతో పోయిన టెస్టుని మళ్లీ పెట్టడం పెద్ద పని కాదు. ఏడాది చివర ఇచ్చే "వంద శాతం హాజరు" సర్టిఫికెట్ల నుంచి జ్వరం సెలవుల్ని మినహాయించాలని, ఆట స్థలం చుట్టూ గడ్డి వర్షాకాలం అంతా కొట్టించాలని యాజమాన్యాన్ని కోరుతున్నాను. మీరు కూడా వచ్చే పేరెంట్స్ మీటింగులో మార్కుల గురించి అడిగాక, ఈ రెండింటి గురించీ ఒక మాట అడగండి.