ఆగిన సీజను, చెరిపిన లెక్క



ఐపీఎల్ వచ్చిందంటే మన సంఘంలో ఫ్యాంటసీ జట్ల ఆట మొదలవుతుంది. ఈసారి వేలానికి కూర్చునే ముందే ఒక సంగతి తేల్చుకోవాలని ఇది రాస్తున్నాము. కొంచెం పొడుగే, ఓపికగా చదవండి. సీజను మధ్యలో ఆగిపోతే అంతవరకు వచ్చిన పాయింట్లను ఏం చేయాలి? మా మాట ఒకటే, వాటిని చెరపకూడదు. 2021లో మేము చెరిపినాము. అది తప్పు.

కొత్తగా చేరినవారికి ఆట గురించి రెండు ముక్కలు. ఒక్కొక్కరికి 100 రూపాయల ఉత్తుత్తి డబ్బు ఇస్తాము. దాంతో వేలంలో 11 మంది ఆటగాళ్ళను కొనుక్కోవాలి. వాళ్ళు నిజం మ్యాచ్‌లో కొట్టే ప్రతి పరుగుకు 1 పాయింటు, వికెట్టుకు 20, క్యాచ్‌కు 10. లెక్క అంతా మా నోటుబుక్కులో. పైసా పందెం లేదు. గెలిచినవారికి హాలులో శాలువ కప్పుతాము, ఆఖరున వచ్చినవారు అందరికీ కాఫీ ఇప్పించాలి. అంతే.

2021 సీజను ఏప్రిల్ 9న మొదలైంది. అందరమూ మామ అని పిలిచే పెద్దాయన ఒకరు ఆ ఏడు బట్లర్‌ను, మన అంబటి రాయుడును కొనుక్కున్నారు. మే 1న ఢిల్లీలో ముంబై మీద రాయుడు 27 బంతుల్లో 72 కొట్టినాడు. చెన్నై ఓడిపోయినా మామకు సంతోషమే. మరుసటి రోజు హైదరాబాద్ మీద బట్లర్ 124. ఆ రాత్రి మామ నుంచి మెసేజి వచ్చింది: "బట్లర్ 124. రాయండి." రాసినాము. పట్టికలో మామ మొదటి స్థానానికి వచ్చినారు.

మే 4న సీజను ఆగిపోయింది. 60 మ్యాచ్‌లలో 29 మాత్రమే అయినాయి. ఆ నెలలోనే కరోనా మామను తీసుకుపోయింది. అప్పుడు మన ఇళ్ళలో ఎన్ని చావులో మీకు చెప్పనక్కరలేదు. క్రికెట్ ఎవరికి గుర్తుంటుంది?

సెప్టెంబర్ 19న దుబాయ్‌లో మళ్ళీ మొదలు పెట్టినారు. మా జట్లు చూసుకుంటే అన్నీ ఓటి కుండలే. బట్లర్ రాలేదు, బెయిర్‌స్టో రాలేదు, కమిన్స్ రాలేదు. మన వాషింగ్టన్ సుందర్‌కు వేలికి దెబ్బ. "పాతదంతా కొట్టేసి కొత్తగా వేలం వేసుకుందాం" అని ఒకరన్నారు. తక్కిన అందరమూ తల ఊపినాము. పేజీకి అడ్డంగా గీత గీసినాము. మామ జట్టు గీతకు అవతల ఉండిపోయింది. ఆ మాట ఎత్తితే మనసు కష్టమని ఎవరమూ ఎత్తలేదు.

అక్టోబర్ 15న చెన్నై కప్పు గెలిచింది. కొన్నాళ్ళకు అత్త హాలుకు వచ్చినారు. "మీ మామ జట్టు ఎన్నోది వచ్చింది?" అని అడిగినారు. రాయుడు ఆట ఉన్న రోజుల్లో ఆమె టీవీ ముందు కూర్చుని పరుగులు లెక్కపెట్టుకున్నారంట. దుబాయ్‌లో మొదటి మ్యాచ్‌లో చేతికి దెబ్బ తగిలి ఒక్క పరుగూ చేయకుండా వెళ్ళిపోతే భయపడినారంట, తరువాతి మ్యాచ్‌లో మళ్ళీ దిగితే ఊపిరి పీల్చుకున్నారంట. మా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని పాత జట్లతోనే మొత్తం సీజను కూడి చూసినాము. బట్లర్ రెండో సగంలో ఒక్క బంతి ఆడకపోయినా మామ జట్టు రెండోది. మరుసటి రోజు వెళ్ళి అత్తకు చెప్పినాము. చెప్పినాము గానీ, మా పట్టికలో ఆ సంగతి ఈనాటికీ లేదు.

ఈ ఆటకు మూలమైన అమెరికా బేస్‌బాల్‌లోనూ ఇట్లాంటిదే జరిగింది. 1980లో డేనియల్ ఓక్రెంట్ అనే రచయిత, ఆయన స్నేహితులు న్యూయార్క్‌లో ఈ ఊహా జట్ల ఆట మొదలు పెట్టినారు. వాళ్ళు కలుసుకునే హోటలు పేరు మీద దానికి రోటిస్సరీ అని పేరు. మరుసటి ఏడే, 1981 జూన్ 12న, బేస్‌బాల్ ఆటగాళ్ళు సమ్మెకు దిగినారు. ఆగస్టు దాకా సీజను లేదు, 700కు పైగా మ్యాచ్‌లు పోయినాయి. మళ్ళీ మొదలైనప్పుడు పెద్దలు సీజనును రెండు ముక్కలు చేసి, ఏ ముక్కలో మొదట వచ్చినవారికి ఆ ముక్కకు గెలుపు అన్నారు. ఫలితమేమి? ఆ ఏడు అన్ని జట్లలోకీ మంచి లెక్క సిన్సినాటి రెడ్స్‌ది. 66 గెలుపులు, 42 ఓటములు. ఏ ముక్కలోనూ మొదట రాలేదని వాళ్ళను నాకౌట్‌కు రానీయలేదు. ఏడాదంతా బాగా ఆడినవాడు ఇంట్లో కూర్చున్నాడు. మేము గీత గీసి చేసిందీ అదే.

2021లో ఐపీఎల్ వాళ్ళు అట్లా చేయలేదు. మే నెలలో ఎక్కడ ఆపినారో ఆ పట్టికతోనే సెప్టెంబర్‌లో మొదలు పెట్టినారు. అప్పటికి 7 ఆటల్లో 2 మాత్రమే గెలిచిన కోల్‌కతా ఫైనల్ దాకా వచ్చింది. పాత లెక్క ఉంచితే వెనకబడినవాడికి దారి మూసుకుపోతుందనే మాట నిజం కాదు.

మేము రైల్వే కౌంటర్లో కూర్చున్న రోజుల్లో వరదకు లైను తెగి బండి మధ్య స్టేషన్లో ఆగిపోతే, రైల్వే చేసిన వేరే ఏర్పాటు వద్దన్నవారికి పోని దూరానికే డబ్బు వాపసు ఇచ్చేవాళ్ళము. వచ్చిన దూరం వచ్చినట్టే. బండి ఆగిందని ప్రయాణికుడు ఎక్కనే లేదని ఎవరూ అనరు.

ఇది ఒక్కసారి వచ్చి పోయే కష్టమూ కాదు. 2025 మే 9న సరిహద్దు ఉద్రిక్తత వల్ల మళ్ళీ ఆపినారు, 17న మొదలు పెట్టినారు. అప్పుడూ స్టార్క్ లాంటి వాళ్ళు తిరిగి రాలేదు. అందుకే వేలానికి ముందే మూడు మాటలు రాసి పెట్టుకుందామని అడుగుతున్నాము.

ఒకటి, ముగిసిన మ్యాచ్‌ల పాయింట్లు ఎప్పటికీ చెల్లుతాయి. మొదటి రోజు నుంచి ఆఖరు రోజు దాకా ఒకటే కూడిక.

రెండు, ఆగి మొదలైతే, రాని ఆటగాళ్ళ బదులు ఎవరూ కొనని వారిలో నుంచి ముగ్గురి దాకా తీసుకోవచ్చు. పట్టికలో ఆఖరున ఉన్నవారు ముందు ఎంచుకోవాలి. 2021లో వెంకటేష్ అయ్యర్ రెండో సగంలోనే వచ్చి 10 మ్యాచ్‌లలో 370 పరుగులు చేసినాడు. వెతికేవారికి దొరుకుతారు.

మూడు, జట్టు సభ్యుడిది మాత్రమే కాదు, ఆ ఇంటిది. సభ్యుడు ఆడలేకపోతే ఇంట్లో ఎవరైనా నడపవచ్చు. ఎవరూ నడపకపోయినా పేరు కొట్టేయకూడదు, ఆఖరు దాకా లెక్క రాయాలి.

"ఆటకు ఇంత చట్టమెందుకు" అని కొందరు నవ్వుతారు. డబ్బు లేని ఆటలో మిగిలేది లెక్క ఒక్కటే. అది కూడా సరిగ్గా రాయకపోతే ఇంక ఆడడమెందుకు?

ఒప్పుకుంటే మీ మాట రాయండి, ఒప్పుకోకపోయినా రాయండి. 2021 పేజీలో గీత పక్కన "మామ, రెండో స్థానం" అని రాయడానికి మాత్రం మీ అనుమతి కావాలి. శాలువ అత్తకు మేము తీసుకెళ్ళి ఇస్తాము.