మామూలు ఇంట్లో ‘రాత్రి’

మక్తల్ నుంచి జూరాల మీదుగా కృష్ణ దాటితే గద్వాల. తెలుగు ప్రేక్షకుడికి దయ్యాల కోట అనగానే గుర్తొచ్చే ఊరు అదే. 2009లో కోడి రామకృష్ణ ‘అరుంధతి’ని గద్వాల సంస్థానం కథగా చెప్పారు. తెర మీద మనం చూసిన భవనం మాత్రం బనగానపల్లె నవాబుల బంగళా. అసలు గద్వాల కోటలో చెన్నకేశవస్వామి గుడి ఉంది, మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట డిగ్రీ కళాశాల ఉంది. పొద్దున్నే పిల్లలు పుస్తకాలు పట్టుకుని లోపలికి పోతుంటారు. అయినా ఆ సినిమాలో జేజమ్మ పాత్రను చూసిన కళ్లకు గద్వాల అంటే ఆ బంగళాయే. కోట పెద్దది, విజయమూ పెద్దదే. అంతకు 17 ఏళ్ల ముందు వచ్చిన ఒక మామూలు ఇంటి సినిమాను మాత్రం మనం దాదాపు మరిచిపోయాం.

రాంగోపాల్ వర్మ 1992లో తెలుగులోనూ హిందీలోనూ తీసిన ‘రాత్రి’ సంగతి ఇది. ‘శివ’, ‘క్షణ క్షణం’ చూసి ఆయన మీద ఎన్నో ఆశలు పెట్టుకున్న జనం దీన్ని ఆదరించలేదు. అందులో పాట లేదు, హాస్యానికి వేరే జంట లేదు, పేరున్న కథానాయకుడు లేడు. సినిమా భారమంతా రేవతి మీదే. తర్వాత దర్శకుడిగా పేరు తెచ్చుకున్న తేజ దీనికి ఛాయాగ్రాహకుడు. పాటలతో ఒక తరాన్ని ఊపిన మణిశర్మ, పాటే లేని ఈ సినిమాకు నేపథ్య సంగీతం ఇచ్చారు. అలాంటి మొదలు ఆయనకు ఎంత మేలు చేసిందో అనిపిస్తుంది.

ఒక కుటుంబం కొత్త ఇంట్లో చేరుతుంది. ఆ ఇంటికి బురుజుల్లేవు, సాలెగూళ్లు వేలాడే దీపాల గుత్తుల్లేవు. అమ్మ వంట చేస్తుంది, నాన్న పనికి పోతాడు, కూతురు (రేవతి) కాలేజీకి పోతుంది. పిల్లవాడు ముద్దుగా చూసుకునే పిల్లిపిల్ల కారు కింద పడి చచ్చిపోతుంది, పాతిపెడతారు. ఆ తర్వాత పిల్లి మళ్లీ కనిపిస్తుంది. ఇంతే. ఈ చిన్న విషయం దగ్గర్నుంచి మన మనసు కుదురుగా ఉండదు. కెమెరా నేలకు దగ్గరగా పాకుతూ వస్తుంటే, దాని వెనక ఎవరున్నారో అని మనమే తిరిగి చూసుకుంటాం. పట్టపగలు, ఎండలో, జనం లేని వీధిలో కూడా భయం పుట్టించవచ్చని ఈ సినిమా మొదట్లోనే చూపించింది. ఎండ ఎంత నిర్దయగా ఉంటుందో తెలిసిన పాలమూరు వాళ్లకు ఆ దృశ్యం ఇంకాస్త లోతుగా తగులుతుంది. మే నెల మధ్యాహ్నం మన ఊళ్లలో అలాగే ఉంటుంది కదా, దర్వాజలన్నీ మూసి, కుక్క కూడా మొరగకుండా.

దయ్యాన్ని చూపించకుండానే ఇంటితో భయపెట్టడం ప్రపంచ సినిమాకు కొత్తేమీ కాదు. రాబర్ట్ వైజ్ 1963లో తీసిన ‘ద హాంటింగ్’లో ఒక్క ప్రేతమూ కనబడదు, తలుపు ఉబ్బుతుంది, గోడ అవతల చప్పుడవుతుంది. ఆ ఓపిక మన దగ్గర చాలా అరుదు. ఈమధ్య దయ్యాల ఇళ్లు నవ్వుల ఇళ్లయ్యాయి. ‘ప్రేమకథా చిత్రమ్’, ‘రాజుగారి గది’ లాంటివి జనం నవ్వుకుంటూ చూశారు, తప్పు లేదు. కానీ నవ్వు వచ్చిన చోట నిశ్శబ్దానికి చోటు తగ్గింది. ‘రాత్రి’లో నిశ్శబ్దం ఒక పాత్ర.

మా ప్రాంతం నుంచి ఈ సినిమాను చూస్తే ఇంకొక మాట చెప్పాలనిపిస్తుంది. మక్తల్ చుట్టుపక్కల పల్లెల్లో తాళం పడిన ఇళ్లు కొత్త కాదు. బొంబాయికి, పుణెకు, బెంగళూరుకు పనికి పోయిన కుటుంబాల మిద్దెలు ఏళ్లతరబడి వట్టిగా నిలబడతాయి. వట్టి ఇంటి చుట్టూ పిల్లలు కథ అల్లుతారు, పెద్దలు దాన్ని పెంచుతారు. అంతవరకు నష్టం లేదు. కానీ ఇదే నేల మీద ఎవరికో జ్వరం తగ్గకపోతే, పశువు చచ్చిపోతే, బాణామతి, అంటే చేతబడి, చేశారని పొరుగున ఉన్న పేద మనిషిని వేలెత్తి చూపిన రోజులున్నాయి. తెలంగాణలో ఆ అనుమానానికి ప్రాణాలు పోయాయి. భయానికి బతికున్న మనిషి దొరికితే జరిగేది అదే.

మంచి దయ్యాల ఇంటి కథ భయాన్ని వేరే దిక్కుకు మళ్లిస్తుంది. ఈ ఇంట్లో ఒకప్పుడు ఏం జరిగింది అని అడిగిస్తుంది. ‘రాత్రి’లో కూతురిని వేధించేది చంపబడిన ఒక స్త్రీ ఆత్మ. ఇల్లు మారింది, యజమానులు మారారు, ఆమెకు జరిగింది మాత్రం ఎవరూ పలకలేదు. పలకని అన్యాయం గోడల్లో ఉండిపోతుందనే ఊహ పొరుగువాడి మీద అనుమానం కన్నా ఎంతో న్యాయమైనది. మన గడీల గురించి పల్లెల్లో చెప్పుకునే దయ్యాల కథల్లో కూడా, కాస్త ఓపికగా వింటే, వెట్టి చేసినవాళ్ల ఏడుపు వినిపిస్తుంది.

సినిమా చివరి భాగం ఆ స్థాయిలో లేదు. ఓంపురి వేసిన మాంత్రికుడు రంగంలోకి దిగాక మంటలూ మంత్రాలూ హోరెత్తాయి, అంతసేపూ దాచిన భయం బయటపడి పలచబడింది. చనిపోయిన స్త్రీ బాధ మీద కథ మరికాస్త నిలవాల్సింది. పైగా కూతురికి ఏమైందో అర్థంకాక డాక్టరు ఒకటి, మాంత్రికుడు ఒకటి చెబుతుంటే ఇంట్లోవాళ్లు నలిగిపోయే ఘట్టంలో సినిమా మాంత్రికుడి వైపు మొగ్గింది. తెర మీద అది కథ. మన ఇళ్లల్లో ఆడపిల్ల తిండి మానేసి, ఉలిక్కిపడుతూ, తనలో తాను మాట్లాడుకుంటుంటే గాలి సోకిందని అంత్రం కట్టించడం కన్నా ముందు మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకుపోవాలి. రేవతి నటన చూసిన ఎవరికైనా ఆ పిల్ల పడే యాతన ముందు కనిపిస్తుంది, దయ్యం తర్వాతే.

‘రాత్రి’ని చిన్న ఫోన్ తెర మీద, చెవి పక్కనే మాటలు వినబడుతుండగా చూస్తే సగం పోతుంది. ఆ చప్పుళ్లు హాలు నిండాలి. పాత కాపీలు పాడవక ముందే తెలుగు ప్రతిని మంచి శబ్దంతో తిరిగి సిద్ధం చేయించి, హైదరాబాదులోనే కాక మక్తల్, నారాయణపేట లాంటి ఊళ్లలోనూ ఒక్కో ఆట వేయించే బాధ్యత చిత్ర పరిశ్రమ తీసుకోవాలి.